యాంకర్ కాళ్ల దగ్గర చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

టీవీ చానళ్ల వర్చువల్ సెట్ల గురించి మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. గ్రాఫిక్స్ గురించి, వాటికయ్యే ఖర్చు గురించి బాగా రాశారు కానీ కెమెరా ట్రాకింగ్ అన్న మాట మొత్తంలో ఒక్కసారి కూడా రాలేదు. ఏళ్లుగా ఆ పనే చేస్తున్నవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

యాంకర్ నిలబడేది పచ్చ గోడ ముందు. వెనక కనిపించే హాలు, కిటికీలు, ఒక్కోసారి ముందున్న టేబుల్, కాళ్ల కింది నేల కూడా కంప్యూటర్ గీసినవే. కెమెరా కదిలితే అవీ సరిగ్గా అంతే కదలాలి, అందుకని కెమెరా ఎక్కడుంది, ఎటు తిరిగింది, ఎంత వంగింది, ఎంత ఒరిగింది, జూమ్ ఎంత, ఫోకస్ ఎంత, ఇవన్నీ ప్రతి ఫ్రేముకీ కంప్యూటర్‌కి అందుతూ ఉండాలి. కెమెరా ట్రాకింగ్ అంటే ఇదే. కొన్ని స్టూడియోల్లో ట్రైపాడ్ హెడ్‌లోనూ లెన్స్ మీదా ఎన్‌కోడర్లు, అంటే ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్లు, పెట్టి కొలుస్తారు. కొన్నింట్లో సీలింగ్‌కి మెరిసే స్టిక్కర్లు అంటించి, కెమెరా మీద పైకి చూసే సెన్సర్ పెడతారు, చుక్కల్ని చూసి పడవ నడిపినట్టు. 1990లలో బీబీసీ ఇంజనీర్లు సీలింగ్‌కి గుండ్రటి బార్‌కోడ్లు అంటించి తయారుచేసిన ఫ్రీ-డి అనే ట్రాకింగ్ పద్ధతి కూడా ఈ దారిదే, ఆ పేరుతో ఉన్న డేటా ఫార్మాట్ ఇప్పటికీ చాలా పరికరాల్లో నడుస్తోంది.

ఎంత పక్కాగా ఉండాలో ఒక లెక్క చెప్తాను. ఫ్రేము వెడల్పు 1920 పిక్సెళ్లు, లెన్స్‌కి కనిపించేది 60 డిగ్రీలు అనుకోండి, డిగ్రీకి సుమారు 32 పిక్సెళ్లు పడతాయి. డిగ్రీలో పదో వంతు తప్పు వస్తే మూడు పిక్సెళ్లు, ఎవరికీ తెలియదు. అదే జూమ్ చేసి 6 డిగ్రీలకి తెస్తే ఆ పదో వంతే 32 పిక్సెళ్లవుతుంది, గోడ కదిలినట్టు ఇంట్లో కూర్చున్న పిల్లలు కూడా పట్టేస్తారు. డిలే ఇంకో తలనొప్పి. బొమ్మ గీయడానికి కంప్యూటర్‌కి కొన్ని ఫ్రేములు పడుతుంది కాబట్టి అంతసేపూ కెమెరా బొమ్మనీ, యాంకర్ గొంతునీ ఆపి ఉంచాలి. సెకనుకి 25 ఫ్రేములైతే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. కెమెరా సెకనుకి 20 డిగ్రీలు తిరుగుతున్నప్పుడు ఒక్క ఫ్రేము లెక్క తప్పితే చాలు, 60 డిగ్రీల దగ్గరే సుమారు 25 పిక్సెళ్ల తేడా, కెమెరా ఆగాక కూడా వెనక హాలు ఇంకొంచెం జరిగి అప్పుడు ఆగుతుంది.

నేను ఇంతకుముందు చేసిన ఒక చానల్లో రాత్రికి రాత్రి లెన్స్ మార్చారు. కొత్త లెన్స్‌ని మళ్లీ క్యాలిబ్రేట్ చెయ్యాలి, వేర్వేరు జూమ్‌ల దగ్గర గళ్ల చార్ట్ పెట్టి అంచులు ఎంత వంగుతున్నాయో చూసుకోవాలి, ఒక పూట కావాలి అని అడిగాను. ఇవ్వలేదు. పొద్దున బులెటిన్‌లో కెమెరా దగ్గరికి వస్తుంటే టేబుల్ పక్కకి జరిగిపోయింది, యాంకర్ చెయ్యి గాల్లో మిగిలింది. ఆవిడకి మానిటర్‌లో అది కనిపించింది, అయినా వార్త ఆపకుండా చదివారు. ఆవిడ టెన్షన్ మాత్రం గొంతులో నాకు వినిపించింది. ఆ రోజు నుంచి అక్కడ కెమెరాలు కదపొద్దన్నారు. లాక్ చేసిన కెమెరాకి ఇంత సెట్ ఎందుకండీ, వెనక ఒక ఫొటో పెట్టినా సరిపోయేది కదా.

సెట్ డిజైన్‌కి నెలలు ఇస్తున్నారు, ట్రాకింగ్‌కి ఒక్క పూట ఇవ్వడం లేదు. లెన్స్ మార్చినప్పుడల్లా ఆ పూట షెడ్యూల్లో రాసి ఉండాలి, బతిమాలుకుని తీసుకోవాల్సింది కాదు అది.

మీ టీవీ పేజీకి రాసేవాళ్లకి ఒక్క మనవి. ఈసారి సెట్ గురించి రాసేముందు, కెమెరా కదులుతున్నప్పుడు యాంకర్ చెప్పులు నేలని పట్టుకుని ఉన్నాయా జారుతున్నాయా చూసి, అది కూడా రాయండి. మేం చెప్తే వినని మేనేజ్‌మెంట్లు పేపర్లో వస్తే చదువుతాయి.

ఇట్లు,
ఒక ట్రాకింగ్ ఆపరేటర్