పూలమొక్క కొనేముందు పెరటి ఎండను చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

తొలకరి పడగానే మా వీధుల్లోకి ట్రాలీ ఆటోల మీద పూలమొక్కలు అమ్మకానికి వస్తున్నాయి. నిండా పూసిన గులాబీని చూసి ముచ్చటపడి కొన్నవారిలో చాలామంది, నెల తిరగకుండానే అది ఎండిపోతే తమ చేయి మంచిది కాదని నొచ్చుకుని, మళ్ళీ మొక్కల జోలికే పోవడం లేదు. నిజానికి లోపం చేతిలో లేదు, ఎంపికలో ఉంది.

మా ఇంటి ముందు వేసిన చామంతులు రెండేళ్లపాటు ఏపుగా పెరిగాయే తప్ప, కార్తీకం దాటినా మొగ్గ తొడగలేదు. మొక్కలు అమ్మినవారిని అడిగితే ఎరువు చాలలేదన్నారు. రాత్రులు పొడుగయ్యే కాలంలోనే చామంతి మొగ్గ వేస్తుందని, తెల్లవార్లూ దాని మీద పడుతున్న వీధిదీపం వెలుగు ఆ చీకటిని దక్కనివ్వడం లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. మూడో ఏడు భాద్రపదంలోనే కుండీలను పెరట్లోకి మార్చాను. డిసెంబరు నాటికి ఆకు కనబడకుండా పూశాయి.

మల్లెకు కనీసం పూటంతా ఎండ తగలాలి. చలికాలంలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే వేసవిలో విరగబూస్తుంది. అంత ఎండ లేని ఇరుకు వాకిళ్లవారు బెంగపడనక్కరలేదు. ఓ మోస్తరు నీడలో కనకాంబరం, నందివర్ధనం చక్కగా పూస్తాయి. బతుకమ్మకు ఇంటి బంతిపూలే పేర్చాలనుకునేవారు శ్రావణం మొదట్లో నారు పోసుకుంటే సరిపోతుంది. గన్నేరు ఎంత అందంగా ఉన్నా, ఆకు నుంచి గింజ దాకా విషమే కనుక పసిపిల్లలున్న ఇంట వద్దనే నా గట్టి అభిప్రాయం.

ఇవన్నీ మన అమ్మమ్మలకు ఒకరు చెప్పకుండానే తెలిసిన సంగతులు. అపార్ట్‌మెంటు బాల్కనీలో తొలి కుండీ పెట్టుకుంటున్న నేటి యువతకు చెప్పేవారు లేరు. కడియం వంటి చోట్ల నుంచి ఊరూరికీ వెళ్లే ప్రతి మొక్కకూ ఎంత ఎండ కావాలో, ఏ నెలల్లో పూస్తుందో, విషమున్నదీ లేనిదీ తెలుగులో రాసిన చిన్న చీటీ కట్టేలా నర్సరీల యజమానులు, ఉద్యానశాఖవారు ఈ వర్షాకాలం నుంచే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజమహేంద్రవరం