మొదటి ఇంటర్వ్యూ మన జిల్లాలో, మన భాషలో జరగాలి

సంపాదకులకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంజినీరింగ్ పూర్తిచేసి, తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మూడేళ్లుగా కొత్తవారిని ఎంపికచేసే ఇంటర్వ్యూలలో కూడా కూర్చుంటున్నందున, అక్కడ చూసిన ఒక అన్యాయాన్ని మీ పాఠకుల దృష్టికి తేదలచాను.

కొన్ని నెలల కిందట దేవరకొండ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఉదయం తొమ్మిదింటికి ఇంటర్వ్యూ కావడంతో చీకటితోనే బస్సెక్కి, ఎంజీబీఎస్‌లో దిగి, అమీర్‌పేటలో మెట్రో రైలు మారి హైటెక్ సిటీకి చేరుకున్నాడు. లింక్డ్ లిస్ట్‌లో, అంటే ప్రతి అంశం తన తరువాతి అంశం ఎక్కడుందో చూపే సమాచారపు గొలుసులో, లూప్ (చివర లేకుండా మళ్లీ వెనకటి అంశానికే చేర్చే చుట్టు) ఉందో లేదో ఎలా కనిపెడతావని అడిగాము. గొలుసు వెంట కదిలే రెండు పాయింటర్లలో (స్థానాన్ని చూపే గుర్తులలో) ఒకటి ఒక్కో అడుగు, రెండోది రెండేసి అడుగులు వేస్తూ పోతే, రెండూ ఎక్కడైనా కలిసినప్పుడు లూప్ ఉన్నట్టు, చివర దొరికితే లేనట్టు తేల్చే కోడ్‌ను ఐదు నిమిషాల్లో బోర్డు మీద తప్పులేకుండా రాశాడు. లూప్ ఉంటే ఆ రెండూ తప్పక కలుస్తాయని ఎలా చెప్పగలవని నా సహోద్యోగి ఇంగ్లిషులో అడిగేసరికి మాత్రం మాట తడబడి ఆగిపోయాడు. లిఫ్టు దాకా తోడు వెళ్లి నేను అదే ప్రశ్న తెలుగులో అడిగాను. "గుండ్రటి గ్రౌండ్‌ల ఇద్దరు ఉరుకుతున్నట్టే గద మేడం. ఒక్కో అడుగుకు ఇద్దరి నడుమ దూరం సరిగ్గ ఒకటే తగ్గుతది, దాటి దుంకే సందే ఉండదు" అన్నాడు. పాఠ్యపుస్తకంలోని నిరూపణ కూడా అదే. నేను గదిలోకి తిరిగి వచ్చేసరికి అతని పేరుకెదురుగా 'కమ్యూనికేషన్ బలహీనం' అని రాసి ఉంది. మార్చమని అడిగాను కానీ గట్టిగా పట్టుబట్టలేదు, చివరికి కింద సంతకం కూడా పెట్టాను. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

విదేశీ క్లయింట్లతో మాట్లాడాలంటే ఇంగ్లిషు తప్పదని కంపెనీలు చెప్పే మాటను నేను కాదనను. అయితే కొత్తగా చేరినవారు మొదటి ఏడాది చేసేది చాలావరకు ఇతరులు రాసిన కోడ్ చదవడం, తప్పులు వెతకడం, చిన్న మార్పులు చేసి పరీక్షించడమే. క్లయింట్ కాల్స్‌లో టీమ్ లీడ్ మాట్లాడుతుంటే వారు వింటూ కూర్చుంటారు. నాకు ఇంగ్లిషు మాట్లాడడం వచ్చింది కూడా అలా విన్నందువల్లనే.

ఎంపిక కానివారికి కారణం చెప్పకపోవడం ఇంకొక బాధ. మళ్లీ దరఖాస్తు చేయాలంటే కొన్ని నెలలు ఆగాలనే నిబంధన చాలా కంపెనీల్లో ఉంది, కానీ ఆ నెలల్లో ఏమి సరిదిద్దుకోవాలో ఎవరూ చెప్పరు. డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులకు ఇలా దిక్కుతోచని పిల్లలే చిక్కుతున్నారు. ఆ అబ్బాయి రెండు వారాల తరువాత నాకు మెసేజ్ పెట్టి, తన కోడ్‌లో తప్పెక్కడుందో చెప్పమని అడిగాడు. తప్పేమీ లేదని, అసలు కారణం ఇదని రాసి పంపాను.

2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఐటీ టవర్, నల్లగొండలో ఐటీ హబ్ ప్రారంభమయ్యాయి. కంపెనీలు మొదటి సాంకేతిక ఇంటర్వ్యూను ఆ భవనాల్లోనే జరిపి, అభ్యర్థి తన ఆలోచనను తెలుగులో వివరించడానికి అనుమతించాలి. ఇంగ్లిషు ఎంత వచ్చో చూడదలిస్తే దాన్ని వేరుగా చూసి, మార్కులు వేరుగా వేయాలి. యువతకు నైపుణ్య శిక్షణ బాధ్యత చూస్తున్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టాస్క్ అధికారులు మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలతోనూ, ఇక్కడి ఇంజినీరింగ్ కళాశాలలతోనూ మాట్లాడి, వచ్చే క్యాంపస్ నియామకాలకు ముందే కంపెనీలను ఇందుకు ఒప్పించాలని కోరుతున్నాను.

— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నల్లగొండ