మా నాన్న చిట్టాపుస్తకానికి సాక్ష్యం పలికినవారికి

మా నాన్న ప్రభువునందు నిద్రించిన నాటి నుంచి మా కుటుంబానికి అండగా నిలిచిన ప్రతి ఒక్కరికీ అమ్మ తరఫున, తమ్ముడి తరఫున, మా అక్కచెల్లెళ్ల తరఫున నమస్కారాలు. ఆదరణ కూడికలోనే ఈ మాటలు చెప్పాలనుకున్నాను కానీ మైకు ముందు నిలబడితే గొంతు పెగల్లేదు. పైగా అప్పటికి మాకు అందిన సాయం కొంతే. పెద్ద సాయం ఆ తరువాత అందింది. పేర్లు రాయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలిసిపోతుంది.

ముందుగా, చెన్నై ఆసుపత్రిలో రక్తం కావాలన్నప్పుడు కావలి నుంచి రాత్రికి రాత్రి కారు కట్టించుకుని వచ్చిన కుర్రాళ్లకు. వారిలో ఇద్దరు, నాన్న ఇళ్ల ప్లాట్లు వేసి అమ్మిన వెంచరులో కరెంటు స్తంభాలు వేసినవారు. ఇంకొకరు హద్దురాయి విషయంలో నాన్నతో తగాదా పడి ఏడాదిగా మాటలు లేని ఇంటి అబ్బాయి. ఆ అబ్బాయిని చూసి నాన్న, "మీ నాన్న ఒప్పుకున్నాడా, రాయి జరిపించి వచ్చావా?" అని నవ్వారు. ఆసుపత్రి రోజుల గురించి ఇంతకన్నా రాయను.

ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో మాకూ, వచ్చిన చుట్టాలకూ వంతులు వేసుకుని భోజనం పంపిన ఎదురింటి సాయిబుగారి కుటుంబానికీ, వెనక వీధి వారికీ రుణపడి ఉన్నాం. పందిరి డబ్బు ఎంత అడిగినా చెప్పని షామియానా అన్నకు కూడా. (అన్నా, ఆ లెక్క మాత్రం తేలాల్సిందే. అమ్మ ఊరుకోవడం లేదు.)

ఇక అసలు సంగతి.

నాన్న చదివింది పదో తరగతి. కుర్రతనంలోనే ఒక సర్వేయరుగారి దగ్గర గొలుసు పట్టే పనికి కుదిరారు. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉంటే ఎకరం. మాకు ఎక్కాలతో పాటు ఈ లెక్క కూడా నేర్పారు. అంకణమంటే ఎనిమిది చదరపు గజాలనీ, సెంటుకు ఆరు అంకణాల పైచిలుకు వస్తుందనీ నెల్లూరు జిల్లాలో పుట్టిన పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అయినా మా ఇంట్లో దానికి పరీక్ష ఉండేది. గొలుసు పట్టడం నుంచి మధ్యవర్తిత్వానికీ, అక్కడి నుంచి సొంత వెంచర్లకూ వచ్చారు. వెంచర్లు వేసినా చివరిదాకా పొలంగట్టు మీద నడిచే మనిషిగానే ఉన్నారు. ఎఫ్‌ఎంబీ పటం (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపేది) చేతిలో పెట్టుకుని రాయి నుంచి రాయికి నడిచి చూడందే బయానా ఇచ్చేవారు కాదు.

ఆయన ముట్టని భూములు కొన్ని ఉండేవి. డీకేటీ పట్టా భూమి ఎంత చవకగా వచ్చినా వద్దనేవారు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఆ భూములు చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా తెల్లకాగితం మీద కొని ప్లాట్లు వేసి అమ్ముకున్నవారు మన చుట్టూ తక్కువేమీ లేరు. చుక్కల భూములదీ అదే కథ. పాత రిజిస్టరులో యజమాని పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన సర్వే నంబర్లు అవి. 2023 మేలో కావలి సభలో ఆ భూములకు హక్కు పత్రాలు ఇచ్చేంతవరకు ఆయన వాటి జోలికి వెళ్లలేదు. "ఆడపిల్ల పెళ్లికని దాచిన డబ్బు తెచ్చి నా చేతిలో పెడతారు. రేపు ఆ నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలో కనిపిస్తే ఏ ముఖం పెట్టుకుని గుడిలో కూర్చోను?" అనేవారు. చర్చిని మా ఇంట్లో గుడి అనే అంటాం.

నీటి దారి కూడా అంతే. మా వెంచరు పక్కన చెరువు కలుజు (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) నుంచి వచ్చే పిల్లకాలువ ఉంది. అది ఎండాకాలమంతా కాలువలాగే కనిపించదు. పూడ్చేస్తే నాలుగు ప్లాట్లు కలిసొస్తాయని భాగస్వాములు పోరారు. నాన్న వినలేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి కదా, ఆ వానల్లో మా వీధుల నీళ్లన్నీ ఆ పిల్లకాలువలోకే దిగిపోయాయి. ఆ తరువాత ఎవరూ ఆ నాలుగు ప్లాట్ల ఊసు ఎత్తలేదు.

స్థలాలు కొనేవారు చూడటానికి వచ్చేది ఆదివారమే. ఈ వ్యాపారంలో ఉన్న అందరికీ అది తెలుసు. నాన్న మాత్రం ఆదివారం ఆరాధన ముగిసి, భోజనం చేసి, అమ్మతో కాసేపు కూర్చుంటే తప్ప ఆఫీసు తలుపు తీసేవారు కాదు. దీనివల్ల పోయిన బేరాలను భాగస్వాములు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవారు. విచిత్రమేమిటంటే, అదే ఆఫీసు గోడకు పంచాంగం క్యాలెండరు వేలాడేది. కొనేవారికి అష్టమి, నవమి, రాహుకాలం చూసి రిజిస్ట్రేషన్ రోజు చెప్పేది ఆయనే. ఈశాన్యం పెరిగిన ప్లాటు ఏదో పురోహితుడికన్నా ముందు చెప్పేవారు. "నా నమ్మకం నాది, వాళ్ల నమ్మకం వాళ్లది. ఇల్లు కట్టుకునేది వాళ్లు" అనేవారు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో, రొట్టెల పండుగకు సొంతిల్లు కోరుకుని స్వగృహ రొట్టె పట్టుకుని వచ్చి, ఆ ఏడాదే మా దగ్గర స్థలం తీసుకున్నవారు కూడా ఉన్నారు. ఇల్లు పూర్తయ్యాక మళ్లీ వెళ్లి రొట్టె వదిలారా లేదా అని గుర్తుపెట్టుకుని మరీ అడిగేవారు నాన్న.

మా పెద్దలది తెలుగు బాప్టిస్టు కుటుంబం. 1840లో శామ్యూల్ డే దొర నెల్లూరులో మొదలుపెట్టిన మిషన్ చరిత్ర సండేస్కూల్లో మేమంతా చదువుకున్నదే. నాన్నకు మాత్రం ఆ చరిత్రలో బాగా ఇష్టమైన భాగం 1876–78 నాటి కరవు. ఒంగోలులో ఉన్న క్లౌ దొర ఆ రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇప్పించారు. మా ముత్తాతల తరం ఆ కాలువలో మట్టి మోసిందని ఇంట్లో చెప్పుకుంటారు. "గంజి పోసి పంపలేదు, పని ఇచ్చి కూలి లెక్కగట్టి ఇచ్చాడు" అని నాన్న ఆ మాట ఎన్నిసార్లు అన్నారో. శనివారం పొద్దుగూకేలోపు మేస్త్రీల చేతిలో కూలి డబ్బు పడకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. సంఘానికి ఆయన ఇచ్చిన దశమభాగం గురించి పాస్టరుగారు చెప్పబోతే అమ్మ వారించింది. నేనూ రాయను.

ఒక్కటి మాత్రం రాస్తాను. మా పేట సమాధుల తోటకు దారి ఉండేది కాదు. వానాకాలం వస్తే పెట్టెను భుజాన వేసుకుని వరిమడిలో దిగాల్సివచ్చేది. ఆ పక్క భూమి వెంచరుకు తీసుకున్నప్పుడు నాన్న తోట దాకా 30 అడుగుల రోడ్డు గీయించారు. లేఅవుటులో పదో వంతు స్థలం ఉమ్మడి అవసరాలకు వదిలి గిఫ్టు డీడు రాసి పంచాయతీకి అప్పగించడం అందరూ చేయాల్సిందే. ఈ రోడ్డు దానికి అదనం. శవాలు పోయే దారిలో ప్లాటు ఎవడు కొంటాడని భాగస్వామి ఒకరు వేరుపడ్డారు కూడా. ఇప్పుడు ఆ దారిలో ఇళ్లన్నీ నిండిపోయాయి. నాన్నను కూడా ఆ దారినే తీసుకువెళ్లాం.

ఇంత జాగ్రత్త మనిషికి ఒక పెద్ద లోపం ఉండేది. లెక్కలన్నీ ఎర్ర అట్ట చిట్టాపుస్తకంలోనే. కంప్యూటరు కొనిస్తే దాని మీద గొడుగు ఆరబెట్టారు. పుస్తకంలో పేర్లు కూడా సరిగ్గా ఉండవు. "టీ కొట్టు", "నర్సమ్మ", "కండక్టరు పెద్దల్లుడు" అని ఉంటాయి. ఎదురుగా వాయిదా అంకెలు, వసూలుకు "వ" గుర్తు. ఆయన తల ఊపితే అదే రసీదు.

దీనికి తోడు ఆఖరి వెంచరు భూమి ఇంకా రైతుల పేరునే ఉంది. నాన్నకు వారు ఇచ్చింది జీపీఏ, అంటే తమ తరఫున సంతకం పెట్టి అమ్మే అధికార పత్రం. ఆ అధికారం పొందిన మనిషి చనిపోతే సాధారణంగా అది అక్కడితో చెల్లిపోతుంది. 2022లో రామాయపట్నం పోర్టు పనులు మొదలైన తరువాత ఆ చుట్టుపక్కల ధరలు ఎలా పెరిగాయో మీకు తెలుసు. రైతులు సంతకం పెట్టేది లేదంటే మేం చేయగలిగింది కోర్టుకు వెళ్లడమే. సగం వాయిదాలు కట్టినవారు మా మీద పడితే మా దగ్గర చూపించడానికి ఆ చిట్టా తప్ప ఏమీ లేదు. ఒక పెద్దమనిషి అప్పుడే రైతుల ఇళ్లకు వెళ్లి ఎకరానికి ఎక్కువ ఇస్తానని ఆశపెట్టినట్టు కూడా తెలిసింది. ఆయనెవరో ఇక్కడ అనవసరం.

రైతులు ఆ ఆశకు లొంగలేదు. మేం అడగకముందే కబురు పంపారు. ప్రతి రిజిస్ట్రేషన్‌కూ తామే వచ్చి సంతకాలు పెడుతున్నారు. వారిలో ఒక అవ్వ ఉంది. కలుపు తీసీ తీసీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఆఫీసులో యంత్రం వేలిముద్ర తీసుకోనంటుంది. కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టించి, మళ్లీ తుడిచి, మధ్యాహ్నం దాకా కూర్చుంది పాపం. ఇంకో రోజు వద్దామా అవ్వా అంటే కసిరింది: "మీ నాయన నా గట్టు మీద కూర్చుని నా సద్ది తిన్నాడు. ఆయన మాట మింగితే నాకు అరుగుతుందా? పట్టు వేలు."

వాయిదాలు కట్టినవారు పాత రసీదులు, బ్యాంకు స్లిప్పులు, కొందరు గోడ మీద రాసుకున్న లెక్కల ఫొటోలు తెచ్చి పుస్తకంతో సరిచూసుకున్నారు. తేడా వచ్చిన చోట ఎక్కువ భాగం మాకు రావాల్సిందే తేలింది. ఆటో నడిపే ఒక తమ్ముడు, తన పేరు ఎదురుగా "వ" పడిన మూడు వాయిదాలు తాను కట్టనేలేదని వాదించి మరీ డబ్బు పెట్టి వెళ్లాడు. ఆ నెలల్లో అతని కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సి ఉందట. ఆ "వ" ఎలా పడిందో మాకు అర్థమైంది. డబ్బు వెనక్కి ఇవ్వబోతే అతను తీసుకోలేదు. చివరికి దాన్ని ఆ అమ్మాయి పేరనే వేశాం, అతనికి చెప్పకుండా. ఇప్పుడు చదివి కోప్పడితే పడనీ.

దస్తావేజులు రాసిపెట్టి తన రుసుములో సగం కూడా తీసుకోని లేఖరిగారికీ, సెలవు రోజున వచ్చి హద్దులు మళ్లీ కొలిచిపెట్టిన సర్వేయరుగారికీ, ఈసీలూ (భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రాలు) లింకు డాక్యుమెంట్లూ ఒక్కొక్కటి వెతికిపెట్టిన ఆఫీసు సిబ్బందికీ మా అందరి కృతజ్ఞతలు. తమ్ముడికి ఈ పని చేతకాదని మొదట్లో భయపడ్డాను. వాడిని వెంటబెట్టుకుని గట్టు గట్టూ తిప్పి నేర్పుతున్న నాన్న పాత మేస్త్రీగారి మేలు ఎప్పటికీ మరువం. ఆస్తి పంపకంలో ఆడపిల్లలకూ మగపిల్లవాడికీ ఒకే లెక్క అని నాన్న ముందే కాగితం రాసిపెట్టి పోయారు. కాబట్టి మా ఇంట్లో కొట్లాడుకోవడానికి ఏమీ మిగల్చలేదు. అమ్మ కులాసాగానే ఉంది. సాయంత్రం ఎనిమిదికి గేటు చప్పుడైతే తల ఎత్తుతుంది, అంతే.

పుస్తకంలో ఇంకా కొన్ని ఖాతాలు ఎవరివో తేలలేదు. ఒకటి "గేటు" అని ఉంది. రైల్వే గేటు దగ్గర ఉండేవారో, మరి ఇంకెవరో. ఇంకొకటి "చీరాల చెల్లెలు". నాన్నకు చీరాలలో చెల్లెళ్లు ఎవరూ లేరు. ఈ ప్లాట్లను ఎవరికీ అమ్మకుండా అలాగే ఉంచాం. మీరు గానీ, మీకు తెలిసినవారు గానీ అయితే రండి. రసీదు పోయినా ఫరవాలేదు, ఎప్పుడెప్పుడు ఎంత కట్టారో గుర్తున్నంతవరకు చెప్పండి, పుస్తకంతో సరిచూద్దాం. ఆధార్ కార్డు తెచ్చుకోండి. ఆఫీసు పాత చోటే ఉంది. ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాటాకే తెరుస్తాం.