హెచ్‌డీఎల్ 44: ఆయనకు చాలు, ఆమెకు చాలదు

సంపాదకులకు,

అమలాపురం నుంచి నరసాపురం దాకా మన డెల్టా ఊళ్లలో ల్యాబులకు కొదవలేదు, రిపోర్టు చదివి చెప్పేవాళ్లకే కరువు. కొన్ని రిపోర్టుల్లో హెచ్‌డీఎల్‌కు (మంచి కొలెస్ట్రాల్‌కు) ఎదురుగా ‘40-60’ (డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు) అని అందరికీ ఒకే అంకె అచ్చువేస్తున్నారు. మగవాళ్లకు 40కి, ఆడవాళ్లకు 50కి తగ్గితే తక్కువ కిందే లెక్క. భర్తకు 44 వస్తే గట్టెక్కినట్టే. భార్యకూ అదే 44 వస్తే తక్కువే, కానీ ఆమె కాగితం మీద ఏ గుర్తూ పడదు.

రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, పట్టి లాగేసే గ్రాహకాలను ఈస్ట్రోజెన్ కాలేయంలో పెంచుతుంది. ముట్లు ఆగాక ఆ అండ పోతుంది. అందుకే యాభై దాటిన ఆడవాళ్లలో ఎల్‌డీఎల్ పెరిగి, తరచూ తమ ఈడు మగవాళ్లను మించిపోతుంది. నలభై అయిదులో వచ్చిన మంచి రిపోర్టును యాభై అయిదులో నమ్ముకుని కూర్చోకూడదు. థైరాయిడ్ మందగించినా ఇలాగే పెరుగుతుంది కనుక థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ కూడా చూపించుకోవాలి.

ఇక పరగడుపు సంగతి. చాలాచోట్ల ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్స్‌లో (రక్తంలోని మరో రకం కొవ్వులో) అయిదో వంతును తీసేస్తారు. ఆ మూడూ వరసగా 210, 44, 180 అయితే ఎల్‌డీఎల్ 130. అదే మనిషి టిఫిను చేసి, తీపి టీ తాగి వచ్చి, ట్రైగ్లిజరైడ్స్ 280కి ఎక్కాయనుకోండి, ఎల్‌డీఎల్ 110 అని వస్తుంది. ఒంట్లో ఏమీ తగ్గలేదు, మురిసిపోవడమే మిగులు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికే రాదు, నేరుగా కొలిపించాలి. 9 నుంచి 12 గంటలు తినకుండా రావాలి, మంచినీళ్లు తాగొచ్చు. చేతికి కట్టే రబ్బరు పట్టీ నిమిషం దాటి ఉంచితే కొలెస్ట్రాల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

‘యాంటీఆక్సిడెంట్ ప్యాకేజీ’ అని అమ్మేదాంట్లో ఇంతకంటే పెద్ద చిక్కుంది. యాంటీఆక్సిడెంట్లలో ఒకటైన విటమిన్ ఇ, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే కణాలనే ఎక్కి తిరుగుతుంది. ఇద్దరికీ లీటరుకు 12 మిల్లీగ్రాములే ఉన్నా, కొలెస్ట్రాల్ 160 (లీటరుకు 1.6 గ్రాములు) ఉన్నవాళ్లకు గ్రాము కొలెస్ట్రాల్‌కు 7.5 మిల్లీగ్రాములు పడితే, 260 (లీటరుకు 2.6 గ్రాములు) ఉన్నవాళ్లకు 4.6 మాత్రమే. వయసుతో కొలెస్ట్రాల్ పెరిగి, దాంతోపాటు విటమిన్ ఇ కూడా పెరిగినట్టు కనబడటం చాలావరకు ఈ మాయే. ‘మొత్తం యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం’ అనే అంకెలో పెద్ద వాటా ఒంట్లో తయారయ్యే వ్యర్థమైన యూరిక్ యాసిడ్‌ది. అది సహజంగానే మగవాళ్లకు ఎక్కువ, ఆడవాళ్లకు ముట్లు ఆగాక పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది. అంటే కిడ్నీ రోగికి ఈ పరీక్షలో మంచి మార్కులు రావచ్చు! ఆ డబ్బుతో టీఎస్‌హెచ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చేయించుకోవడం మేలు.

ల్యాబులవాళ్లు హెచ్‌డీఎల్‌కు, యూరిక్ యాసిడ్‌కు ఆడ, మగ హద్దులు వేరుగా అచ్చువేయాలి. ఎన్ని గంటల పరగడుపున రక్తం తీశారో, ఎల్‌డీఎల్ కొలిచిందో లెక్కగట్టిందో కూడా రాయాలి.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, అమలాపురం