ఆదివారం చర్చ: కథల్లో ఆడపిల్లలు

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు జరిగే చర్చలో, కథల్లోని ఆడపిల్లలు ఎలా ఉండాలని రచయితలూ పాఠకులూ ఆశిస్తున్నారన్న విషయాన్ని తీసుకుంటున్నాం.

ప్రతి ఒక్కరూ ఇటీవల చదివిన ఒక కథనో నవలనో ఎంచుకొని, అందులో అమ్మాయి స్వయంగా తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉందా, ఆమె కోపాన్ని రచయిత సహజంగా చూపారా లేక దిద్దవలసిన లోపంగా చూపారా, అదే పని అబ్బాయి చేసి ఉంటే కథ అతన్ని మెచ్చుకునేదా అన్నవి గమనించి, రెండు మూడు వాక్యాల్లో రాసుకొని రావాలి. ఇద్దరు స్త్రీలు మగవాడి గురించి కాక మరేదైనా మాట్లాడుకుంటారా అని సినిమాలకు పెట్టే పరీక్షను 1985లో అమెరికన్ కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ తన కామిక్‌లో చూపారు. మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది గాని, దానితోనే తీర్పు చెప్పవద్దు. అందులో నెగ్గిన కథ కూడా చివరికి అమ్మాయికి అణకువ నేర్పి ముగియవచ్చు. ధైర్యవంతురాలని పొగిడే నాయికలను, నా దృష్టిలో, మరింత అనుమానంగా చదవాలి: పెళ్లి కుదరగానే ఆ ధైర్యం తరచు మాయమవుతుంది.

పుస్తకం పేరు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయగలరు. ఇద్దరు ఒకే పుస్తకాన్ని ఎంచుకున్నా ఇబ్బంది లేదు. మగ సభ్యులు వినడానికే వస్తామనకుండా, తామూ రాసుకొని రావాలని ప్రత్యేక మనవి.