క్లాసులు మొదలయ్యాక సీట్లు ఇస్తే ఫస్టియర్ పిల్లలు ఏమవ్వాలి? ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్‌కు మ్యాథ్స్ చెప్పే లెక్చరర్‌ని. పేరు రాయడం లేదు, ఎందుకో మీకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే ఏ కాలేజీ యాజమాన్యాన్ని అడిగినా చెబుతారు. ఈ విషయం మీద నేను, కెమిస్ట్రీ చెప్పే మేడమ్, సీ ప్రోగ్రామింగ్ చెప్పే ఇంకో మిత్రుడు కలిసి యూనివర్సిటీకి రాశాం, కౌన్సెలింగ్ చూసే ఆఫీసుకి రాశాం, మీ పేషీలో కూడా ఒక కాపీ ఇచ్చి స్టాంపు వేయించుకుని వచ్చాం. స్టాంపు చాలా బాగా పడింది సార్. జవాబే రాలేదు. ఒకసారి ఫోన్ చేస్తే "పరిశీలనలో ఉంది" అన్నారు. ఎవరి పరిశీలనలో అని అడిగేలోపు ఫోన్ పెట్టేశారు. అందుకే ఇక అందరి ముందూ రాస్తున్నాను.

సంగతి ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ గురించే. మొదటి విడత, రెండో విడత, ఫైనల్ ఫేజ్, తర్వాత ఇంటర్నల్ స్లైడింగ్, అంటే అదే కాలేజీలో బ్రాంచి మారడం, ఆ తర్వాత స్పాట్ అడ్మిషన్లు, అంటే మిగిలిన సీట్లు కాలేజీలోనే నింపుకోవడం. ఇవన్నీ ఎందుకున్నాయో మీకు నేను చెప్పేదేం లేదు, ఇవి ఉండకూడదని కూడా మేం అనడం లేదు. మన తెలంగాణలో 2024లో ఎంసెట్ పేరును ఈఏపీసెట్‌గా మార్చారు, మంచిదే, మాకు నోరు తిరగడం లేదు కాబట్టి ఇంకా ఎంసెట్ అనే అంటున్నాం. పేరు మార్చినంత తేలిగ్గా ఆ తేదీలు కూడా కొంచెం ముందుకు జరిపి ఉంటే ఈ ఉత్తరం రాసే పని నాకు ఉండేది కాదు. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, ఒకవైపు సీట్లు ఇస్తూనే ఉంటారు, ఇంకోవైపు అకడమిక్ క్యాలెండర్ ప్రకారం క్లాసులు మొదలైపోతాయి, మొదటి రోజు వచ్చినవాడికీ, నెల దాటాక స్పాట్‌లో వచ్చినవాడికీ ఒకే మిడ్ ఎగ్జామ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, ఒకే తేదీ, ఒకే సిలబస్.

మీ అధికారులు "ఆ మాత్రం కవర్ చేసుకోలేరా" అంటారని తెలుసు. అందుకే ఆ మాత్రం అంటే ఎంతో కాస్త వివరంగా చెబుతాను, ఓపిక చేసుకుని చదవండి.

మా సబ్జెక్టు పేరు మ్యాట్రిసెస్ అండ్ కాల్కులస్. అయిదు యూనిట్లు. మొదటి మిడ్‌కి రెండున్నర యూనిట్లు, అంటే మొదటి యూనిట్‌లో ర్యాంక్, ఎషెలాన్ ఫామ్, లీనియర్ ఈక్వేషన్స్, రెండో దాంట్లో ఐగెన్ వాల్యూస్, కేలీ హామిల్టన్ థీరమ్, డయాగొనలైజేషన్, క్వాడ్రాటిక్ ఫామ్స్, ఆపైన మీన్ వాల్యూ థీరమ్స్ దాకా. ఎషెలాన్ ఫామ్‌లోకి తేవడం రానివాడికి ఐగెన్ వెక్టర్ కనుక్కోవడం రాదు, అది రానివాడు డయాగొనలైజేషన్ దగ్గర బోర్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆలస్యంగా వచ్చినవాడు నా క్లాసులో అడుగుపెట్టే సరికి నేను క్వాడ్రాటిక్ ఫామ్స్ చెబుతుంటాను. "ఇంటర్‌లో మ్యాట్రిసెస్ చదివే వచ్చాడుగా" అని ఒకాయన అన్నారు. చదివాడు సార్, మూడు బై మూడు మ్యాట్రిక్స్ చదివాడు, ఎంసెట్‌లో నిమిషానికో ప్రశ్న చొప్పున ఆప్షన్లలోంచి జవాబు పట్టుకోవడం నేర్చుకున్నాడు. స్టెప్పులు వేసి పేజీ నిండా లెక్క చేయడం అక్కడ ఎవరూ అడగలేదు. ఆ అలవాటు మాన్పించడానికే నాకు మొదటి మూడు వారాలు పడుతుంది, సరిగ్గా ఆ మూడు వారాలే వాడు లేడు.

సీ ప్రోగ్రామింగ్ ఇంకా ఘోరం. మీకు తెలియంది కాదు, మన దగ్గర ఎంపీసీ పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీల్లో పొద్దున చీకటితో లేచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చునే వస్తారు. ఆ రెండేళ్లలో కంప్యూటర్ ముట్టుకున్నవాళ్లను చేతులెత్తమంటే క్లాసులో ఎన్ని చేతులు లేస్తాయో వచ్చి చూడండి. షిఫ్ట్ నొక్కితేనే డబుల్ కోట్స్ వస్తాయని తెలియక ల్యాబ్‌లో తెల్లమొహం వేసిన పిల్లలున్నారు, అందులో నవ్వాల్సింది ఏమీ లేదు, ఎవరూ చూపించలేదు కాబట్టి వాళ్లకు తెలియదు. మొదటి యూనిట్‌లో ఇఫ్, ఎల్స్, ఫర్ లూప్. రెండో యూనిట్‌లోనే అర్రేలు, స్ట్రింగులు, స్ట్రక్చర్లు, పాయింటర్లు. అంటే కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కునే పిల్లవాడు చేరిన రెండు మూడు వారాలకే మిడ్‌లో పాయింటర్ల మీద ప్రశ్నకు జవాబు రాయాలి. ఏం రాస్తాడు? బట్టీ పట్టి రాస్తాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్, పాలిండ్రోమ్, ఫిబొనాచీ, ఈ మూడూ సెమికోలన్లతో సహా కంఠతా వచ్చినవాళ్లు మా దగ్గర బోలెడు మంది. అదే ప్రోగ్రామ్‌లో ఒక్క కండిషన్ మార్చి ఔట్‌పుట్ ఎంత వస్తుందని అడిగితే మాత్రం "సార్, ఇది నోట్స్‌లో లేదు" అంటారు. అసైన్‌మెంట్ల సంగతి సరేసరి, చాట్‌జీపీటీ రాస్తోంది, మేం దిద్దుతున్నాం, పిల్లవాడు మధ్యలో పోస్ట్‌మ్యాన్. మీరేమో ప్రతి సభలో ఏఐ హబ్, గ్లోబల్ టాలెంట్ అంటున్నారు. సంతోషం. ఆ టాలెంట్ ఫర్ లూప్ క్లాసు జరిగిన రోజు కాలేజీలోనే లేదు సార్, సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటోంది.

ఇక కెమిస్ట్రీ. మొదటి యూనిట్ నీళ్లు. హార్డ్‌నెస్ అంటే నీటి కాఠిన్యం, బాయిలర్ ట్రబుల్స్, అయాన్ ఎక్స్‌ఛేంజ్, తాగునీటి శుద్ధి. ల్యాబ్‌లో ఆ హార్డ్‌నెస్ కొలిచే ఈడీటీఏ టైట్రేషన్, వైన్ రెడ్ రంగు నీలంగా మారే చోట ఆపి రీడింగ్ తీసుకోవాలి. ఆలస్యంగా వచ్చినవాడికి ఆ ప్రయోగాలన్నీ అయిపోయి ఉంటాయి. రికార్డు మాత్రం పూర్తి చేయాలి, లేకపోతే ఇంటర్నల్ మార్కులు లేవు. పక్కవాడి రీడింగ్స్ చూసి రాసుకుంటాడు. బ్యూరెట్ పట్టుకోకుండానే వాడికి బ్యూరెట్ రీడింగ్ రెండో దశాంశం దాకా వస్తుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫ్లోరైడ్ తీసేసే పాఠం వచ్చినప్పుడు మా మేడమ్ తప్పకుండా నల్గొండ టెక్నిక్ గురించి చెబుతారు, పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ వాళ్లు రూపొందించారు, మన జిల్లా పేరుతోనే దేశమంతా తెలుసు. ఈసారి మునుగోడు వైపు పల్లె నుంచి ఒక అబ్బాయి ఫైనల్ ఫేజ్‌లో సీటు వచ్చి చేరాడు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్లు చూస్తూ పెరిగిన పిల్లవాడు. క్లాసులో ఆ పాఠం అందరికంటే బాగా అర్థమయ్యేది వాడికే. వాడు వచ్చే సరికి మేడమ్ కరోజన్, అంటే తుప్పు పాఠంలో ఉన్నారు.

ఇంటర్నల్ స్లైడింగ్ మీద ఒక్క ముక్క. ఒక బ్రాంచికి మొదటి సెమిస్టర్‌లో ఫిజిక్స్, ఇంకో బ్రాంచికి కెమిస్ట్రీ ఉంటుందని మీకు ఎవరైనా చెప్పారో లేదో. ఒక బ్రాంచిలో చేరి కొన్ని వారాలు ఫిజిక్స్ విని, ఫిజిక్స్ రికార్డు కొని, సగం రాసి, స్లైడింగ్‌లో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ వస్తే ఎగిరి గంతేసి ఈ సెక్షన్‌లోకి వస్తారు, వచ్చాక తెలుస్తుంది ఇక్కడ కెమిస్ట్రీ అని. విన్నది ఈ సెమిస్టర్‌లో పనికిరాదు, కావలసింది వినలేదు. ఇది పిల్లల తప్పా?

అసలు వీటన్నిటికీ విరుగుడు కాగితం మీద ఎప్పుడో ఉంది. దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2018 మోడల్ కరికులమ్‌లో ఫస్టియర్ పిల్లలకు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టమంది. పిల్లలు కుదురుకోవడానికి, ఊరు మారి భాష మారి వచ్చినవాళ్లు తేరుకోవడానికి. మా దగ్గర ఆ మూడు వారాలు ఎలా జరిగాయంటే, మొదటి రోజు పొద్దున చైర్మన్ గారి ప్రసంగం, ప్లేస్‌మెంట్ల గురించి వీడియో, మధ్యాహ్నం భోజనాలు, మర్నాడు నుంచి క్లాసులు. ఆఖర్లో వచ్చినవాళ్లకు ఆ భోజనం కూడా లేదు. ఎందుకంటే కౌన్సెలింగ్ ఆలస్యమైంది కాబట్టి సెమిస్టర్ కుదించాలి, కుదించాలంటే ముందుగా కోసేది దాన్నే. "బ్రిడ్జ్ కోర్సు పెడతాం" అని ఒక సమావేశంలో మాట ఇచ్చారు, ఎవరు ఇచ్చారో మీకు తెలుసు. ఆ బ్రిడ్జికి ఇంకా శంకుస్థాపన కూడా జరగలేదు.

దీనికి తోడు సెక్షన్లు. ఏఐసీటీఈ 2024లో బాగా నడిచే కాలేజీలకు సీట్ల పరిమితి ఎత్తేసింది, ఇక సీఎస్ఈ, దాని తోకలు, ఏఐ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, సెక్షన్ మీద సెక్షన్. ఇరవై మందికి ఒక అధ్యాపకుడు ఉండాలని నిబంధన ఉంది, కాగితాల మీద ఉన్నారు కూడా. అనుమతి కౌన్సెలింగ్ మధ్యలో వస్తే లెక్చరర్‌ని ఎప్పుడు తీసుకుంటారు, ఎక్కడ దొరుకుతాడు? అందుకని మూడు సెక్షన్లు కలిపి సెమినార్ హాల్లో కూర్చోబెట్టి నా చేతికి మైక్ ఇస్తారు. వెనక బెంచీలకు బోర్డు కనపడదు, ఆలస్యంగా చేరినవాళ్లకు దొరికేది వెనక బెంచీలే. వాళ్లను విడిగా కూర్చోబెట్టి మొదటి యూనిట్ చెబుదామని మేం ప్రయత్నించాం, సాయంత్రం నాలుగు తర్వాత కాలేజీ బస్సులు ఆగవు, పాపం దూరం నుంచి వచ్చే ఆడపిల్లలు సగం లెక్కలో లేచి పరిగెత్తుతారు.

హాజరు మాట ఎత్తకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. 75 శాతం ఉండాలి, 65 దాకా ఫీజు కట్టి కండోనేషన్, అంటే మినహాయింపు, అంతకంటే తక్కువైతే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఆలస్యంగా చేరినవాడి హాజరు చేరిన రోజు నుంచి లెక్కిస్తారా, సెమిస్టర్ మొదలైన రోజు నుంచా? మా ఆఫీసులో ఒకరు ఒకటి చెబుతారు, ఇంకొకరు ఇంకొకటి చెబుతారు, రాతపూర్వకంగా ఇవ్వమంటే ఇద్దరూ ఇవ్వరు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలి సార్? స్పాట్‌లో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉండదు, మొత్తం జేబులోంచి కట్టి, మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్, సీ రెండూ పోగొట్టుకుని, సరిపడా క్రెడిట్లు లేక రెండో ఏడాదికి వెళ్లలేక ఇంటికెళ్లిపోయిన వాళ్లున్నారు. సప్లిమెంటరీ ఫీజు మాత్రం టంచనుగా వసూలవుతుంది. ఆ విషయంలో క్యాలెండర్ ఎప్పుడూ తప్పలేదు.

మేం అడిగేది పెద్దదేం కాదు. క్లాసులు మొదలయ్యే లోపు స్లైడింగ్, స్పాట్‌తో సహా కౌన్సెలింగ్ ముగించండి. కుదరదంటారా, చివరి సీటు ఇచ్చిన రోజు నుంచే సెమిస్టర్ లెక్క మొదలుపెట్టండి. అదీ కుదరదంటే ఆలస్యంగా చేరినవాళ్లకు మొదటి మిడ్ విడిగా, నెల తర్వాత పెట్టండి, పేపర్ మేమే సెట్ చేస్తాం, డబ్బులు కూడా అడగం. ఆ మూడు వారాల ఇండక్షన్‌లో చైర్మన్ల ప్రసంగాలు తగ్గించి కీబోర్డులు ముందు పెట్టండి. హాజరు ఏ రోజు నుంచి లెక్కించాలో ఒక్క వాక్యం రాసివ్వండి, ఒక్క వాక్యం సార్, దానికి కమిటీ అక్కర్లేదు. దయచేసి కౌన్సెలింగ్ తేదీలు ముందుకు జరపండి, ఇది పైన రాశానని తెలుసు, మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే మొదటిసారి రాసినప్పుడు ఎవరూ చదవలేదు.

కోర్టు కేసులు, ఫీజుల ఖరారు, అనుమతుల ఆలస్యం, ఇవన్నీ ఉన్నాయని మీవాళ్లు చెబుతారు. ఉన్నాయి. ప్రతి ఏడాదీ ఉంటున్నాయి. ప్రతి ఏడాదీ ఉండేదాన్ని అనుకోని అడ్డంకి అంటే ఎలా?

నాకు జవాబు రాయనక్కర్లేదు. రాసేదేదో యూనివర్సిటీకి సర్క్యులర్‌గా పంపండి, మా నోటీసు బోర్డు మీద చదువుకుంటాం. కాస్త తొందరగా పంపండి, రెండో మిడ్ సిలబస్ ఇప్పటికే సగం అయిపోయింది.

ఇట్లు,
ఫస్టియర్ మ్యాథ్స్ చెప్పే ఒక లెక్చరర్