సంఘం వార్షిక నివేదిక 2024-25: పై దేశంలో పనిచేసి వచ్చిన మన జవాన్లు

గౌరవ సభ్యులకు నమస్కారం.

మురుగు కాలువల పూడికతీత, వీధి దీపాలు, వినాయక చవితి పందిరి ఈ ఏడాదీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు విడి కాగితంగా జత చేశాం, తీరిగ్గా చూసుకోండి. ఈ నివేదికలో ఎక్కువ చోటు మాత్రం జవాన్ల స్వాగతానికే ఇస్తున్నాను. ఈ ఏడాది సంఘంలో ఎక్కువ చర్చ, కొంచెం గొడవ కూడా జరిగింది దాని మీదే.

శ్రీకాకుళం జిల్లాలో ఆర్మీ ఉద్యోగి లేని ఊరు వెతికినా దొరకడం కష్టం. రిటైరై వచ్చేవాళ్లను జీపు ఎక్కించి ఊరేగించడం మనకు కొన్నేళ్లుగా అలవాటే. ఈసారి వచ్చిన అబ్బాయి మాత్రం రిటైర్ కాలేదు. దక్షిణ సూడాన్‌లో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేసి, సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఫారిన్ నుంచి వచ్చాడంటే మన వైపు గల్ఫో సింగపూరో అనుకుంటారు, వెంటనే 'ఎంత తెచ్చావ్' అంటారు. ఈ కుర్రాడిని కూడా స్టేషన్ మెట్లు దిగకముందే ఇద్దరు అదే అడిగారు. ఇకముందు ఈ ప్రశ్న మానేద్దామని కమిటీ తరఫున మనవి.

స్వాగతం ఫ్లెక్సీకి మన కుర్రాళ్లు మొదట తయారు చేయించిన డిజైన్‌లో యుద్ధ ట్యాంకు, మంటలు, మధ్యలో అబ్బాయి ఫొటో. దాన్ని వాళ్ల నాన్నగారికి చూపిస్తే, 'మావోడు యుద్ధానికి కాదు బావూ ఎళ్లింది, కాపలాకి' అన్నారు. ఆయన మాట నిజం. శాంతి దళం ఒక దేశం మీదకు దండెత్తి పోదు. పౌరులకు రక్షణగా ఉంటుంది, ఆత్మరక్షణకో అప్పగించిన బాధ్యత కోసమో తప్ప తుపాకీ వాడకూడదు. ట్యాంకు తీయించి, నీలి టోపీతో ఉన్న అతని ఫొటో ఒక్కటే పెట్టాం.

కాపలా అన్నారు కదా అని తేలిక పని అనుకోవద్దు. 2013 ఏప్రిల్‌లో అదే దక్షిణ సూడాన్‌లో ఐక్యరాజ్యసమితి వాహనాల వెంట కాపలాగా వెళ్తున్న భారత సైనికులు ఐదుగురు దాడిలో చనిపోయారు. అంతకుముందు 1961 డిసెంబర్ 5న కాంగోలో ప్రాణాలిచ్చిన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర వచ్చింది. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేస్తూ ఆ పతకం పొందింది ఆయన ఒక్కరే.

ఆమదాలవలసలో రైలు బాగా లేటు. తప్పెటగుళ్ల బృందం రేకులు మెడలో వేసుకుని స్టేషన్ బయట చెట్టు కిందే టీలు తాగుతూ కూర్చుంది. డీజే వద్దని కమిటీ ముందే తీర్మానించింది. దాని మీద అలిగిన కుర్రాళ్లు ఇంకా అలక దిగలేదని తెలుసు, వచ్చే ఏడాదీ తీర్మానం ఇదే. టపాసులు వద్దని ఇంటివాళ్లు అడిగారు. కారణం మేం అడగలేదు. అబ్బాయి దిగి జనాన్ని చూసి బిత్తరపోయాడు. దండ వేయించుకున్నాడు గానీ జీపు ఎక్కనన్నాడు. తప్పెటలు ముందు నడుస్తుంటే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు నడిచి, ఆ తర్వాత ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు. ఊరేగింపు చూద్దామని వచ్చినవాళ్లకు నిరాశే. నా మటుకు నాకు అదే నచ్చింది.

వారం తర్వాత హైస్కూల్లో మాట్లాడించాం. పిల్లలు తుపాకుల గురించి అడుగుతారనుకున్నాం, అడిగారు కూడా. అసలు సభ మాత్రం వెనక బెంచీల్లో కూర్చున్న రైతులు ఆవుల గురించి అడగడం మొదలుపెట్టాకే రక్తి కట్టింది. అక్కడి డింకా జనానికి పశువులే ఆస్తి. పెళ్లికి మగపెళ్లివాళ్లే ఆడపిల్ల ఇంటికి ఆవులు తోలిస్తారని చెప్పగానే హాలంతా నవ్వులు. ఆడపిల్లల తండ్రులు కొందరు మరోసారి చెప్పమన్నారు. మన దళంతో పాటు పశువైద్యులు కూడా వెళ్తారని, అక్కడి మలకాల్ పట్నం దగ్గర ఊళ్లలో పశువులకు వైద్యం చేస్తారని విన్నాక, 'సైన్యంలో పశువుల డాక్టరా!' అని ఆశ్చర్యపోయినవాళ్లే ఎక్కువ.

అతనికిచ్చిన ఐక్యరాజ్యసమితి పతకం చేతులు మారుతూ హాలంతా తిరిగింది. గుండ్రటి కంచు బిళ్ల, ఒకవైపు ఐక్యరాజ్యసమితి చిహ్నం, రెండోవైపు 'శాంతి సేవలో' అని ఇంగ్లీషు అక్షరాలు. మిషన్‌లో 90 రోజులు పూర్తి చేసినవారికి ఇస్తారు. రిబ్బను రంగులు ఒక్కో మిషన్‌కు ఒక్కో రకం.

ఇక గొడవ సంగతి. స్వాగతం అయిన మర్నాడు రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపారు. 'బాగా చేసినారు బావూ. మేమూ పై దేశం నుంచే వచ్చినాం. అప్పుడు రిచ్చా వోడు కూడా ఏటని అడగలేదు' అన్నారు. ఆయన 1987లో శ్రీలంక వెళ్లిన మన శాంతి దళంలో ఉన్నారు. ఆ ఏడాది జులై 29న భారత్, శ్రీలంక ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది, మనవాళ్లు కాపలాకనే వెళ్లారు. అక్టోబర్ కల్లా అక్కడి ఉత్తరాన జాఫ్నాలో, వేరే తమిళ దేశం కోసం పోరాడే ఎల్టీటీఈతో నేరుగా పోరాటం మొదలైంది. 1990 మార్చిలో చివరి దళం తిరిగొచ్చేనాటికి 1,100 మందికి పైగా సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. మద్రాసు రేవులో ఆ చివరి దళం దిగినప్పుడు తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు.

వాళ్లకూ సన్మానం చేద్దామని కమిటీలో ప్రతిపాదిస్తే, అది ఓడిన యుద్ధమని, రాజకీయం అవుతుందని, ముప్పై ఏళ్లు దాటాక ఇప్పుడెందుకని రకరకాల మాటలు వచ్చాయి. పంపింది ప్రభుత్వం, వెళ్లింది వీళ్లు. పంపడం తప్పో ఒప్పో వీళ్లను అడిగి ఎవరూ పంపలేదు. ఆ లెక్కను వీళ్ల ఖాతాలో రాయడం న్యాయం కాదని నేను వాదించాను, చివరికి మెజారిటీ ఒప్పుకుంది. డిసెంబర్ 7, సాయుధ దళాల పతాక దినోత్సవం రోజున మన చుట్టుపక్కల ఉన్న ఆనాటి జవాన్లను, చనిపోయినవారి భార్యలను పిలిచాం. ఒకాయన డిశ్చార్జ్ బుక్కు పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చారు. 2018 తిత్లీ తుపానులో తడిసి పేజీలు అంటుకుపోయాయి, యూనిట్ పేరున్న పేజీ మాత్రం విడిగా వచ్చింది. దాన్నే అందరికీ చూపించారు. ఉపన్యాసాలు పెట్టలేదు, భోజనాలు పెట్టాం. చేపల పులుసు బాగా కుదిరిందని అందరూ అన్నారు.

ఆ భోజనాల దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. శాలువాల కన్నా వాళ్లకు అవసరమైనది పెన్షన్ కాగితాల పని. ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌కి వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడదు, అది పడకపోతే పెన్షన్ ఆగిపోతుందని టెన్షన్. ఫోన్లో ముఖం చూపించి కూడా చేయొచ్చని చాలామందికి తెలియదు. సంఘం గదిలో మన డిగ్రీ పిల్లలు ఆదివారాలు కూర్చుని ఆ పని చేసిపెట్టారు. అలిగిన డీజే కుర్రాళ్లలో ఒకడే అందరికన్నా ఎక్కువ మందికి చేశాడు. సైనిక పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్ పోర్టల్ పాస్‌వర్డు పోయినవాళ్లు, భార్య పేరు రికార్డుల్లో తప్పు పడినవాళ్లు ఇంకా ఉన్నారు. పేరు మార్పు మన చేతిలో లేదు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లడం వరకు చేయగలం.

మిగిలిపోయిన పని శిలాఫలకం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారని తెల్లదొరలు చాలా ఊళ్లలో పాలరాతి పలకలు పెట్టారు. వాటిలో ఉండేది లెక్క, పేర్లు కాదు. మనం పేర్లు చెక్కిద్దామనుకున్నాం. టెక్కలి గ్రానైట్ పలక కొని సంఘం గదిలో గోడకు ఆనించి ఉంచాం, దాని మీద ఎవరూ కూర్చోవద్దు. హోదా ప్రకారం రాయాలని కొందరు, ఇంటిపేర్ల వరసలో రాయాలని కొందరు పట్టుబట్టారు. సైన్యంలో చేరిన ఏడాది వరసలో రాయాలని తీర్మానం అయింది. పై దేశంలో పనిచేసినవారి పేరు పక్కన దేశం పేరు ఉంటుంది. శ్రీలంక కూడా.

మీ ఇంట్లో, మీ తాతల కాలంలో ఎవరైనా వెళ్లి ఉంటే పేరు, చేరిన ఏడాది, ఉంటే యూనిట్ వివరం రాసి, ఏదో ఒక కాగితం నకలుతో సంక్రాంతిలోగా కార్యదర్శికి ఇవ్వండి. కాగితం లేకపోతే ఇద్దరు పెద్దల సంతకం చాలు. చెక్కే మనిషి పండగ వెళ్లాక వస్తానన్నాడు.

ఇట్లు,
కార్యదర్శి